చల్లబడే దాకా ఆగమన్నారు ప్రవక్త (స)

ఒక ప్రయాణంలో జరిగిన సంఘటన ఇది. దైవప్రవక్త ముహమ్మద్ (స) సహచరులతో కలిసి బస చేసి ఉన్నారు. జుహర్ వేళయింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. ముఅజ్జిన్ అజాన్ ఇవ్వబోయారు. కాస్త చల్లబడనివ్వమన్నారు ప్రవక్త (స). కొంతసేపయ్యాక ఆయన మళ్ళీ అజాన్‌కు సిద్ధమయ్యారు. ఇంకా చల్లబడనివ్వమన్నారు. మట్టిదిబ్బల నీడలు నేల మీద కనిపించేదాకా అలా ఆగి, ఆ తర్వాతే నమాజు చేశారు. హజ్రత్ అబూజర్ (ర) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

మదరసాలో చదువుకునే రోజుల్లో ఈ హదీసును నమాజు వేళల అధ్యాయంలో చదివాను. తర్వాత ఎంతోమంది పిల్లలకు చదివి వినిపించాను. వేసవిలో జుహర్‌ను కొంత ఆలస్యం చేయడం మంచిదన్న సూత్రం దీని నుంచి వస్తుందని చెప్పి పుట తిప్పేసేవాణ్ణి. ఇందులో మన పిల్లల పెంపకానికి కూడా పాఠం ఉందని నాకు మదరసాలో తెలియలేదు. నిరుడు మే నెలలో, హైదరాబాద్ శివార్లలోని ఒక వినోద పార్కులో తెలిసింది.

మా అల్లుడు రియాద్‌లో భవన నిర్మాణ పనులు చేస్తాడు. రెండేళ్ళకోసారి నలభై అయిదు రోజుల సెలవు. నిరుడు ఆ సెలవు మే నెలలో దొరికింది. బడులకూ అవే సెలవులు. ఏడేళ్ళ మనవరాలు, అయిదేళ్ళ మనవడు రెండేళ్ళుగా ఫోనులో తండ్రిని ఒకటే అడుగుతున్నారు, పార్కుకు తీసుకెళ్ళమని. తండ్రి మనసు కాదనగలదా? తుఫాన్ బండి మాట్లాడుకుని రాత్రి పది గంటలకు దర్శిలో బయలుదేరాం. అద్దంకి, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా తెల్లవారేసరికి హైదరాబాద్ చేరాం. దారిలో ఒక మసీదులో ఫజర్ నమాజు చేసుకున్నాం. పిల్లలు రాత్రంతా నిద్ర పోలేదు. పొద్దున ఏమీ తినలేదు. పార్కు తలుపులు పదకొండుకు గాని తెరవరు. తెరిచీ తెరవగానే అందరితో పాటు మేమూ పరుగు తీశాం.

రోహిణీ కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు మన పెద్దలు. ఆ రోజు సిమెంటు నేల మీద చెప్పులు లేకుండా అడుగు పెట్టలేకపోయాం. ఒక్కొక్క ఆట దగ్గర ముప్పావు గంట వరుస. మధ్యాహ్నం రెండు గంటలకు మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "నానా, తల నొప్పిగా ఉంది, కూర్చుంటాను" అంది. నేనేమన్నానో రాయడానికి సిగ్గుపడుతున్నాను. "మొహం అలా పెట్టావేం? మీ అబ్బా ఎంత ఖర్చుపెట్టి తీసుకొచ్చాడో తెలుసా? ఇంకా ఆరు ఆటలు మిగిలి ఉన్నాయి" అన్నాను. పాప మారు మాట్లాడకుండా మళ్ళీ వరుసలో నిలబడింది. పది నిమిషాల తర్వాత వాంతి చేసుకుని కూలబడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. పిలిస్తే సరిగా పలకడం లేదు.

ప్రథమ చికిత్స గదిలో ఒక నర్సమ్మ పాప బట్టలు వదులు చేసి, ఒంటినిండా తడిగుడ్డలు వేసి ఫ్యాను కింద పడుకోబెట్టింది. అల్లాహ్ దయవల్ల కొంతసేపటికి పాప తేరుకుంది. అప్పుడు నర్సమ్మ ఒక ప్రశ్న అడిగింది. "తాతగారూ, పాప పొద్దున్నుంచి మూత్రానికి ఎన్నిసార్లు వెళ్ళింది?"

మాలో ఎవరమూ చెప్పలేకపోయాం. ఎన్ని ఆటలు ఆడిందో మాత్రం అందరికీ లెక్క తెలుసు.

గది బయట గోడకు ఆనుకుని అల్లుడు నిలబడి ఉన్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మామా, అక్కడ జూన్ పదిహేను నుంచి సెప్టెంబరు పదిహేను దాకా పన్నెండు నుంచి మూడు వరకు మమ్మల్ని ఎండలో పని చేయనివ్వరు. ప్రభుత్వం రూలు. కూలివాణ్ణి నన్నే నీడలో కూర్చోబెడతారు. నేను నా బిడ్డను ఎండలో నిలబెట్టాను" అన్నాడు. అతడి తప్పేమీ లేదు. ఇంటికి పెద్దవాణ్ణి నేను. పాప మొదట చెప్పింది నాకే.

ఈ సంగతి విన్న ఒక మిత్రుడు జుమా నమాజు తర్వాత నాతో, "మౌల్వీ సాబ్, తమాషాలు చూడబోతే ఇలాగే అవుతుంది. అటువంటి చోటికి అసలు వెళ్ళడమే తప్పు" అన్నాడు. ఆ మాటతో నేను ఏకీభవించను. పిల్లల ఆటపాటలను ఇస్లాం నిషేధించలేదు. హజ్రత్ ఆయిషా (ర) చిన్నతనంలో బొమ్మలతో ఆడుకునేవారు. ఆమె స్నేహితురాళ్ళు వచ్చి ఆమెతో ఆడుకునేలా ప్రవక్త (స) స్వయంగా చూసేవారు. అబిసీనియా వాసులు మస్జిదె నబవీలో బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే ఆమె తనివితీరా చూసేదాకా ఆమె కోసం ఓపికగా నిలబడ్డారు. సజ్దాలో ఉండగా పసి మనవడు వీపు మీద ఎక్కి కూర్చుంటే, వాడి సరదా తీరేదాకా సజ్దాను పొడిగించారు. పిల్లవాడి ఆట కోసం నమాజులో సజ్దా పొడిగింది. ఎండ కోసం నమాజు వేళ ఆగింది. ఈ రెండూ ఒకే కారుణ్యం నుంచి వచ్చినవే. మనం మొదటిదాన్ని గుర్తుపెట్టుకుని రెండోదాన్ని మరిచిపోతున్నాం.

కాలం మారింది. మా చిన్నప్పుడు ఉరుసులో, తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కితే అదే పండుగ. 1989లో ముంబయిలో ఎస్సెల్ వరల్డ్, 2000లో కొచ్చిలో వీగాలాండ్ వచ్చాయి. మన హైదరాబాద్‌లో 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2004లో స్నో వరల్డ్, 2016లో వండర్‌లా వచ్చాయి. ఏడాదికి ఒక్కసారైనా పిల్లల్ని అటువంటి చోటికి తీసుకెళ్ళాలన్న కోరిక ఇప్పుడు మన మార్కాపురం, గిద్దలూరు, దర్శి పల్లెల్లోని పేద ఇళ్ళలో కూడా ఉంది. అది తప్పు కాదు. అయితే ఎండకు, ఇటువంటి పార్కులకు మొదటి రోజు నుంచే పేచీ ఉంది. అమెరికాలో డిస్నీలాండ్ 1955 జూలై 17న తెరిచారు. ఆనాటి ఎండకు కొత్తగా పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి. కుళాయి పనివారి సమ్మె వల్ల తాగునీటి కుళాయిలు చాలినన్ని పనిచేయలేదు. జనం దాహంతో అల్లాడారు. అంతటి ధనవంతుల దేశంలో, అంత ఖర్చుపెట్టి కట్టిన చోటనే ఎండ ముందు అలా జరిగితే మన సంగతి చెప్పాలా?

ఎండ సంగతి మన జిల్లావాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో మన ప్రకాశం ఒకటి. 2024 జూన్‌లో హజ్ సమయాన మక్కాలో ఉష్ణోగ్రత 51 డిగ్రీలు దాటింది. ఆ ఏడాది 1,301 మంది యాత్రికులు చనిపోయినట్లు సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. వారిలో నూటికి ఎనభై మందికి పైగా అనుమతి పత్రాలు లేకుండా వెళ్ళినవారు. వారికి చల్లని గుడారాలు లేవు, బస్సులు లేవు. ఎండలో మైళ్ళకొద్దీ నడిచారు. అల్లాహ్ వారి హజ్‌ను స్వీకరించుగాక! అల్లాహ్ గృహానికి అతిథులుగా వెళ్ళినవారికే నీడ, నీరు లేకపోతే ప్రాణం నిలవలేదు. శరీరానికి అల్లాహ్ పెట్టిన నియమం అది. మన ఉద్దేశం ఎంత మంచిదైనా ఆ నియమం మారదు.

ఆ నియమం ఏమిటో ఆ నర్సమ్మ చెప్పగా విన్నాను, తర్వాత డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. మనిషి శరీరం మామూలు వేడి 37 డిగ్రీలు. బయటి గాలి అంతకన్నా వేడిగా ఉంటే ఆ గాలి మనల్ని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు చెమట ఆరడం ఒక్కటే శరీరానికి దిక్కు. పిల్లలకు పెద్దలంత చెమట పట్టదు. చిన్న శరీరం త్వరగా వేడెక్కుతుంది. ఆట ధ్యాసలో దాహం తెలియదు. నీళ్ళలో ఆడుతున్నారు కదా, వడదెబ్బ ఎలా తగులుతుందని మనం అనుకుంటాం. అది పొరపాటు. ఒంటి మీద పడిన నీరు ఒంట్లోకి పోదు. తలనొప్పి, నీరసం, చిరాకు, వాంతి, మూత్రం తగ్గడం, ఇవి హెచ్చరికలు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, మగతలోకి జారుకుంటే అది వడదెబ్బ. వెంటనే ఒళ్ళు చల్లబరుస్తూ ఆసుపత్రికి చేర్చాలి, 108కి ఫోను చేయాలి. తెలివి లేని బిడ్డ నోట్లో నీళ్ళు పోయకూడదు. నేను మొహం మాడ్చుకోవడం అనుకున్నది హెచ్చరిక అని అప్పుడు నాకు తెలియలేదు.

కాని తెలియకపోవడం ఒక్కటే కారణమా? నా మనసును నేను ప్రశ్నించుకున్నాను. మన వాడుకలో ఒక మాట ఉంది: పైసా వసూల్. టిక్కెట్టు కొన్నాం కాబట్టి ప్రతి ఆటా ఆడాలి. అంత దూరం వచ్చాం కాబట్టి తలుపులు మూసేదాకా ఉండాలి. తండ్రి రెండేళ్ళకు వచ్చాడు కాబట్టి రెండేళ్ళ సంతోషం ఒక్క రోజులో రాబట్టాలి. ఈ వసూలు లెక్కలో పడి నేను ఇంకో మాటను మరిచిపోయాను. అది అమానత్. బిడ్డలు మన సొత్తు కారు, అల్లాహ్ మన దగ్గర ఉంచిన అమానత్. ప్రతి మనిషీ ఒక కాపరి అని, తన అధీనంలో ఉన్నవారి గురించి అతణ్ణి ప్రశ్నించడం జరుగుతుందని ప్రవక్త (స) హెచ్చరించారు. రేపు ప్రళయదినాన నన్ను అడిగే ప్రశ్న, పాప ఎన్ని ఆటలు ఆడిందని ఉంటుందా? నర్సమ్మ అడిగిన ప్రశ్నలాంటిదే ఉంటుందనిపిస్తోంది.

ఫిఖహ్ గ్రంథాల్లో మేము చదువుకున్న ఒక సూత్రం ఉంది. ఒక పనిలో లాభమూ హానీ రెండూ ఎదురైతే, లాభం సంపాదించడం కన్నా హానిని తొలగించడం ముందు. ఖాజీలు పెద్ద పెద్ద వ్యవహారాల్లో ఈ సూత్రాన్ని వాడతారు. మధ్యాహ్నం రెండింటికి వరుసలో నిలబడ్డ ఏడేళ్ళ పిల్ల విషయంలో కూడా ఇదే సూత్రం. టిక్కెట్టు డబ్బు పోతే పోనీ అని నీడకు తీసుకెళ్ళడం పిరికితనం కాదు, నష్టమూ కాదు. అది ధర్మం. ఒకసారి ఒక వ్యక్తి ఎండలోనే నిలబడతానని, కూర్చోనని, మాట్లాడనని, ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాడు. ప్రవక్త (స) అతణ్ణి కూర్చోమన్నారు, నీడకు రమ్మన్నారు, మాట్లాడమన్నారు. ఉపవాసం ఒక్కటి పూర్తి చేసుకోమన్నారు. ఎండలో మాడడం దైవం కోసమైనా పుణ్యం కాదని ఇందులో తెలుస్తోంది. మరి టిక్కెట్టు కోసం మాడడం ఎందుకు?

ఇంకో సంగతి మన ఇళ్ళలోని మగవాళ్ళకు చెప్పాలి. ఆ రోజు పిల్లలూ మేమూ ఆటల దగ్గర ఉంటే మా ఇంటావిడ, మా అమ్మాయి ఎక్కడున్నారు? సంచులకు, చెప్పులకు కాపలాగా ఒక బల్ల మీద, ఒక్క గొడుగు కింద, నల్లని బురఖాల్లో అయిదు గంటలు కూర్చున్నారు. నీటి ఆటలకు నైలాన్ దుస్తులు వేసుకోవాలన్నారు, అందుకని వారు లోపలికి రాలేదు. మరుగుదొడ్డి దూరమని నీళ్ళు కూడా తాగలేదట. మేము వారిని విహారానికి తీసుకెళ్ళామా, కాపలాకు తీసుకెళ్ళామా? ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగుపందెం వేశారని హదీసుల్లో ఉంది. ఒకసారి ఆమె గెలిచారు, కొంతకాలం తర్వాత ఇంకోసారి ఆయన గెలిచారు. ఇంటి ఆడవాళ్ళ సంతోషం కూడా ప్రవక్త (స) సంప్రదాయమే. శరీఅత్ కోరింది శరీరం కప్పుకోవడం. రంగు నల్లదే కావాలని కోరలేదు. వేసవిలో లేతరంగు, వదులైన నూలు బట్ట పర్దాకు ఏ మాత్రం లోటు కాదు. ప్రాణాపాయం వచ్చినపుడు బట్టలు వదులు చేసి తడిపేందుకు వెనకాడకూడదు. గత్యంతరం లేని అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది కూడా ఫిఖహ్ సూత్రమే.

ఎండలో నిలబడక తప్పనివారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. మార్కాపురం పలకల పనివారు, ఉపాధి హామీ కూలీలు, గొర్రెల కాపరులు. ఎండ వారికి బతుకుతెరువు. వారి కోసం చలివేంద్రాలు పెట్టడం, నీడ కల్పించడం మన బాధ్యత. మనకు మాత్రం ఎండ తప్పనిసరి కాదు, డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం.

కాబట్టి నా విన్నపాలు కొన్ని. దూరపు విహారాలను దసరా, సంక్రాంతి సెలవులకు వాయిదా వేసుకోండి. పిల్లలకు ఎందుకో విడమరచి చెప్తే వింటారు. వేసవిలోనే తప్పకపోతే పన్నెండు నుంచి నాలుగు వరకు నీడపట్టున తినడానికి, నమాజుకు, కునుకు తీయడానికి కేటాయించండి. రాత్రి నిద్ర లేని బిడ్డను పగలు ఎండకు తీసుకెళ్ళకండి. అడిగినా అడగకపోయినా అరగంటకోసారి నీళ్ళు తాగించండి. లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపితే ఇంట్లోనే ఓఆర్‌ఎస్ సిద్ధం. ఆగివున్న బండిలో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలకండి. పార్కుల యాజమాన్యాలకూ ఒక మాట. మండుటెండలో తెరిచి సాయంత్రం మూసే వేళలను వేసవి రెండు నెలలైనా మార్చండి. పొద్దున ఏడు నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిది వరకు తెరవండి. వరుస పొడవునా నీడ, ప్రతి ఆట దగ్గర ఉచితంగా తాగునీరు పెట్టండి.

సంతోషం దూరంలోనే ఉందనుకోవడం కూడా మన పొరపాటు. గిద్దలూరుకు పోయే దారిలో కంభం చెరువు ఉంది. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల నడుమ కట్ట పోసి కట్టారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. వానాకాలం దాటిన తర్వాత ఒక సాయంత్రం ఆ కట్ట మీద పిల్లల్ని నడిపించి, ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎన్ని పొలాలు తడుపుతున్నాయో చెప్పండి. టిక్కెట్టు లేదు కనుక వసూలు చేయాల్సిందీ లేదు.

ఇతరులకు చెప్పే ముందు నన్ను నేను దిద్దుకోవాలి కదా. ఏటా మే నెలలో మసీదు పక్కనున్న రేకుల షెడ్డులో పది నుంచి ఒంటిగంట వరకు పిల్లలకు దీనియాత్ తరగతులు నడిపేవాణ్ణి. పిల్లలు అట్టలతో విసురుకుంటుంటే చదువు మీద శ్రద్ధ లేదని కోప్పడేవాణ్ణి. ఇప్పుడు ఫజర్ తర్వాత మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ఇంటికి పంపేస్తున్నాను. ముందరికన్నా ఎక్కువమంది వస్తున్నారు. ఎవరైనా తల నొప్పిగా ఉందంటే పుస్తకం మూసి, ముందు నీళ్ళు తాగావా అని అడుగుతున్నాను. వేసవి తరగతులు నడిపే ఇతర మసీదు కమిటీల పెద్దలు కూడా ఈ మార్పు గురించి ఆలోచించాలని కోరుతున్నాను.

మా అల్లుడు రియాద్ వెళ్ళిపోయాడు. మనవరాలు మొన్న నా పక్కన కూర్చుని, "నానా, ఆ ఆరు ఆటలు ఎప్పుడు ఆడదాం?" అని అడిగింది. ఆ లెక్క పాప ఇంకా మరిచిపోలేదు. చల్లబడ్డాక వెళ్దాం అని చెప్పాను.

మనకు అప్పగించిన అమానత్‌లను కంటికి రెప్పలా కాపాడుకునే జ్ఞానాన్ని, అలసిన బిడ్డ చెప్పే మాటను మొదటిసారే వినే చెవులను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.